చిటికెడంటె ఎంత

ఎస్తేరమ్మా, పొద్దుగాల
చెత్తబండి పాట ఇనవడంగనే ఉరికి
కూరగాయల పొట్టంత పచ్చబుట్టల కుమ్మరిస్తవు.
గోడ ఇవుతల ఏడు నోర్లు
మెడలు నిక్కిచ్చి సూస్తన్నయి.
బీరపొట్టు, తోటకూర కాడలు, పుచ్చకాయ చెక్క
గోడ మీదికెళ్లి ఇటే ఇసిరెయ్యి.
ఉప్పు తలిగినయి వద్దు, తొక్కు అసలే వద్దు,
బూజు వట్టిన బన్ను వద్దు,
ఆలుగడ్డ పచ్చపొట్టు వద్దు. చాపత్త సుత.
మనం తినలేనిదల్ల అవి తింటయనుకోకు.
కడుపు కడుపే.

యాదికున్నదా, మీ పాప ఏడ్సి కొనుక్కున్న
రంగుల పిల్లలు, అట్టడబ్బల వణుక్కుంట నాలుగు.
ఆకుపచ్చ ఒకటి, నీలం రెండు, గులాబి ఒకటి,
హోలీనాడు పుట్టినట్టు.
రెండొద్దులకే నీలం రెండూ తల వాల్చినయి.
పారుడు. ఎనుక సున్నమంటినట్టు తెల్లగ.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి
చీర సుత మార్చకుండ గోడకాడికొచ్చినవు.
"అవ్వా, ఏమెయ్యాలె?"
నూకల గంజి, పలుచటి మజ్జిగ,
ఎల్లిగడ్డ ఒక్క రెబ్బ నూరి, చిటికెడు పసుపు అన్న.
నువ్వు పెన్ను తీసినవు.
"చిటికెడంటె ఎంత?"

నవ్వచ్చింది. మల్ల నవ్వలె.
డోసు తప్పితె మనిషి పోతడని
ఎరికైన పిల్లవు నువ్వు.
చిటికెడంటె,
బొటనవేలూ నడిమివేలూ కలిస్తె
నడుమ ఆగేటంత.
నా వేళ్లు ఎనుమాముల మార్కెట్ల
ముప్పయేండ్లు మక్కలూడ్సి, రాళ్లేరి అరిగినయి.
నా చిటికెడు నీ చిటికెట్ల సగమే ఉంటది.
అందుకని నువ్వు సగమే ఎయ్యి.

పేలు వడితె డబ్బామందు కొట్టకు.
బూడిద జల్లెడవట్టి, ఎండిన యాపాకు నలిపి కలిపి
ఒక గుంతల పోసి ఇడువు.
అవే దొర్లుతయి, రెక్కలల్ల నింపుకోని, కండ్లు మూసుకోని,
ఐలోని జాతరల పట్నం తొక్కినోళ్ల లెక్క.
గ్యాసు పొయ్యి ఇంట్ల బూడిదెక్కడిదంటవా,
ఇస్త్రీబండి కనకయ్యనడుగు,
లేకుంటె నా నీళ్లపొయ్యి ఉండనే ఉన్నది.
గూట్ల వాయిలాకు పరువు, వాడితె మార్చు.
గుడ్డు పెంకులు పెనం మీద ఎచ్చజేసి
మెత్తగ, గుడ్డని గుర్తువట్టలేనంత మెత్తగ నలిపి పెట్టు.
గుర్తువట్టినయా, రేపటిసంది తమ గుడ్లే పొడుసుకుంటయి.
ఆ అలవాటుకు మందు నాకు దొరకలె.

ఇంకోటి సుత దొరకలె.
ఆ ఎండకాలం కొక్కెర వచ్చినప్పుడు
నా పసుపు, నా ఎల్లిగడ్డ, నా నల్లజీలకర్ర
ఏదీ అడ్డం నిలవడలె.
మెడలు మెలివడి ఆకాశం దిక్కు తిరిగినయి.
మూడు రాత్రులల్ల పద్నాలుగు.
గోనెసంచుల మోసుకపోయి
సున్నం జల్లి బొందవెట్టిన.
కూరకిస్తవా అని ఒకలడిగిన్లు. ఇయ్యలె.
అప్పటిసంది పశువుల దవాఖానకు పోత,
రోగం రాకముందే కంట్లె చుక్క ఏపిచ్చుకొస్త.
మరి వచ్చినంక పసుపెందుకు నూరినవంటె,
చేతులు ఊకుండయి బిడ్డా.
"మా వార్డుల గంతే" అన్నవు నువ్వు.
ఇంకేమనలె.

నీలమిట్ల ఒకటి పోయింది. ఒకటి లేసింది.
ఆకుపచ్చది పెట్టయ్యింది, రంగు ఎన్నడు దిగిందో ఏమో.
గులాబిదున్నది సూడు, పుంజు.
నువ్వు డ్యూటీ దిగి ఒరిగేటాళ్లకు
సరిగ్గ నీ కిటికి కింద నిలవడి కూస్తది.
మొన్న ఎర్రటి కండ్లతోని వచ్చినవు,
"అవ్వా, దీనికేమన్న మందున్నదా?"
ఉన్నది. అల్లం, ఎల్లిగడ్డ, ధనాలు,
ఎండుకారం నిండుగ, పసుపు మాత్రం చిటికెడు.

గా మాట మీ పాప ఇన్నదట.
మూడొద్దులాయె, నాతోని మాట్లాడుతలేదు.
బీరపొట్టు మాత్రం
గోడ మీదికెళ్లి పడుతనే ఉన్నది.